మార్చిలోగా కుళ్ళవలెను

చచ్చిన ఆకు ఎప్పుడు కుళ్ళాలి అనే విషయంలో ఇంతకాలం ఆకుదే తుది నిర్ణయంగా ఉండేది. ఇందువల్ల పరిపాలనకు ఎంత నష్టం వాటిల్లిందో మొట్టమొదట గుర్తించిన ఘనత మా ఆఫీసుది. ఆ ఘనతలో నా వాటా కూడా కొంత ఉంది కనుక, జరిగింది జరిగినట్టు చెబుతాను.

మా సంస్థ పేరు తుంగలమడ సరస్సు పోషక పదార్థాల సమగ్ర నిర్వహణ మరియు నియంత్రణ ప్రాధికార సంస్థ. ఫోనెత్తి ఈ పేరు పూర్తిగా చెప్పేసరికి అవతలివాడు పెట్టేస్తాడు. అందుకని మాకు ఫిర్యాదులు తక్కువ. నేను అందులో సూపరింటెండెంటును. ఆఫీసు సరిగ్గా సరస్సు గట్టు మీదే ఉంది. కిటికీ తెరిస్తే కనుచూపు మేర జమ్ము కనిపిస్తుంది. దోమలొస్తాయని కిటికీ తెరవం.

జమ్ము సంగతి కాస్త చెప్పాలి. నీళ్ళలో మనిషెత్తు దాటి పెరిగే గడ్డి అది. వానాకాలమంతా పచ్చగా పెరిగి, మంచు దిగే రోజుల్లో ఎండిపోతుంది. ఎండినా పడిపోదు, నిలబడే ఉంటుంది. వేసవంతా అలాగే కాచుకుని, తొలకరి పడి కొత్తనీరు చేరాక నాని, మెత్తబడి, అప్పుడు కుళ్ళుతుంది. ఒంట్లో దాచుకున్న నత్రజని, భాస్వరం అప్పుడు నీళ్ళలోకి వదులుతుంది. వాటితో కంటికి ఆనని నాచు పుడుతుంది, నాచును పురుగులు తింటాయి, పురుగులను చేపపిల్ల తింటుంది. ఆ చేపపిల్ల కూడా సరిగ్గా ఆ రోజులకే గుడ్డులోంచి బయటపడి నోరు తెరుచుకుని ఉంటుంది. ఎవరు ఏర్పాటు చేశారో గాని, ఎప్పటినుంచో టెండరు లేకుండా నడిచిపోతున్న పని.

ఈ సంగతంతా మాకు చెప్పింది మా సంస్థలోని ఏకైక శాస్త్రవేత్త డాక్టర్ మందాకిని. ఆమె ఎండు జమ్మును వలసంచుల్లో కట్టి నీళ్ళలో ముంచి, నెలనెలా కొన్ని పైకి తీసి, ఆరబెట్టి, తూచి, ఎంత కుళ్ళిందో చూసేది. అటెండర్లు దీన్ని పచ్చడి పెట్టడం అనేవారు. ఆమె చివరికి ఒక నివేదిక రాసింది. అందులో ఒక వాక్యం ఇది: శీతాకాలంలో పోషకాలు ఎండు జమ్ములో నిల్వ ఉండి, తిరిగి వర్షాకాలంలో విడుదలవుతున్నాయి. చాలాకాలం ఆ వాక్యం ఎవరికీ హాని చెయ్యకుండా బీరువాలో పడి ఉంది.

తర్వాత ఆడిట్ వచ్చింది.

ఆడిట్ అధికారి అనంతాచార్యులుగారు చాలా మర్యాదస్తులు. కాఫీ కూడా రశీదు ఉంటేనే తాగుతారు. ఆయన మా ఫైళ్ళన్నీ చూసి, ఏ తప్పూ దొరకక దిగులుగా కూర్చున్న సమయంలో ఆ నివేదిక చేతికి తగిలింది. ఆ వాక్యం దగ్గర కళ్ళజోడు సవరించుకున్నారు.

"అమ్మా, ఇక్కడ 'నిల్వ' అని రాశారు. ఇది ఏ తేదీ నాటి నిల్వ?" అని మందాకినిని అడిగారు.

"మార్చిలో తీసిన సంచులండి అవి."

"అంటే మార్చి ముప్పై ఒకటికి నిల్వ ఉందన్నమాట."

"ఉంటుందండి. ప్రతి ఏడూ ఉంటుంది," అంది మందాకిని సంతోషంగా. తన పరిశోధన గురించి ఎవరైనా ఒక ప్రశ్న అడగడం ఆమెకు అదే మొదలు.

"ప్రతి ఏడూనా!" అన్నారు ఆచార్యులుగారు. ఆయన గొంతు వణికింది. వేటగాడికి పులి కనిపించినా అంత వణుకు రాదు.

సాయంత్రానికల్లా ఆక్షేపణ మా చేతికి వచ్చింది. 'ఒక ఆర్థిక సంవత్సరమున సమకూరిన నత్రజని, భాస్వరములను అదే సంవత్సరమున వినియోగింపక, పై అధికారుల అనుమతి లేకుండ మరుసటి సంవత్సరమునకు మళ్ళించుట తీవ్రమైన అవకతవక. ఇది ఎంతకాలముగా జరుగుచున్నదో, బాధ్యులెవరో తెలుపవలెను.' మందాకిని పాపం నిజాయితీగా, సరస్సు పుట్టినప్పటి నుంచి జరుగుతోందని జవాబు రాసింది. దాంతో అవకతవక కాస్తా కుంభకోణం స్థాయికి చేరుకుంది.

మా డైరెక్టరు కమలాకర ప్రసాద్‌గారు. ఇక్కడికి రాకముందు ఆయన బస్టాండ్ల నిర్వహణ చూసేవారు. అక్కడ మంచి పేరు తెచ్చుకున్నారు. ఏదైనా సరే వేళకు బయలుదేరాలన్నది ఆయన సిద్ధాంతం. ఆక్షేపణ చదవగానే అత్యవసర సమావేశం పెట్టారు.

"మనకు కేటాయించిన నిధులు మార్చి లోపల ఖర్చు చెయ్యకపోతే ఏమవుతాయి?" అని అడిగారు.

"మురిగిపోతాయి సార్," అన్నాం అందరం.

"మరి జమ్ములో ఉన్న పోషకాలు?"

"అవి మార్చిలో మురగవు సార్. అదే కదా గొడవ," అన్నాను నేను.

"మురగాలి," అన్నారు డైరెక్టరుగారు. "మార్చి ముప్పై ఒకటో తేదీ సాయంత్రం అయిదు గంటలకల్లా తుంగలమడలో ఎండిన ప్రతి ఆకూ సంపూర్ణంగా కుళ్ళి, దానిలోని పోషకాలు లబ్ధిదారులకు చేరాలి. యుద్ధప్రాతిపదికన చేద్దాం."

మందాకిని లేచింది. "సార్, మార్చిలో నీళ్ళు అడుగంటి ఉంటాయి. ఆ ఎండకి ఆకు ఎండుతుందే గాని కుళ్ళదు. తొలకరి పడాలి."

"కుళ్ళదు అనకండి డాక్టరుగారూ. అది ప్రతికూల ధోరణి. కుళ్ళడంలో ఆకు ఎదుర్కొంటున్న ఇబ్బందులేమిటో చెప్పండి, పరిష్కరిద్దాం."

"పోనీ సార్, సరస్సు వరకు మన సంవత్సరాన్నే జూన్‌లో మొదలుపెడితే?"

డైరెక్టరుగారు ఆమె వైపు జాలిగా చూశారు. "ఆర్థిక సంవత్సరం మారాలంటే ఢిల్లీ మారాలమ్మా. ఆకును మార్చడం తేలిక," అన్నారు.

ఆ మాటలో నిజం ఉంది. ఢిల్లీ ఫోనెత్తదు. ఆకు దగ్గరికి నడిచి వెళ్ళవచ్చు.

ఉత్తర్వు నేనే రాశాను. 'మార్చిలోగా కుళ్ళవలెను' అన్న వాక్యం నాదే. టైపిస్టు దాన్ని చూసి, ఎవరిని తిడుతున్నారండీ అని అడిగింది.

'మురుగు పక్షోత్సవాలు' అని పేరు పెట్టాం. గట్టు పొడవునా బ్యానర్లు కట్టాం. బడిపిల్లల చేత ఊరేగింపు తీయించి, ఎండుటాకు కనిపిస్తే ఉపేక్షించబోమని ప్రతిజ్ఞ చేయించాం. ప్రారంభోత్సవానికి తెల్లబట్టల పెద్దమనిషి ఒకరు వచ్చి జ్యోతి వెలిగించి, రిబ్బను కట్టిన జమ్ము కట్టను పేడనీళ్ళ తొట్టెలో ముంచి, మొదటి ఆకును లాంఛనంగా కుళ్ళబెట్టారు. అది అక్కడికక్కడే కుళ్ళలేదు. ఇలాంటిదేదో అవుతుందని మేం ముందే కుళ్ళబెట్టి దాచిన ఆకు ఒకటి ఉంది, దాన్ని తొట్టెలోంచి పైకి తీసి చూపించాం. అందరూ ముక్కు మూసుకుని ఒంటిచేత్తో చప్పట్లు కొట్టే ప్రయత్నం చేశారు.

ఇక పని మొదలైంది. సరస్సులో రెండు భాగాలున్నాయి. ఆఫీసుకు ఆనుకుని ఉన్నది ఎగువమడ, దాని కింద అడ్డుగట్టు దాటాక ఉన్నది దిగువమడ. ముందు ఎగువమడ మీద పడ్డాం. చొప్ప నరికే మిషన్లు తెచ్చి జమ్మును ముక్కలు చేశాం. ఫైరింజన్లతో తడిపాం. పేడ, బెల్లపు మడ్డి, పుల్లమజ్జిగ కలిపిన ద్రావణం చల్లాం. ఊళ్ళో మజ్జిగ దొరక్కుండా పోయింది. ఆ పక్షం రోజులు మా ఊరి వాళ్ళు చారుతోనే అన్నం ముగించారు.

కుళ్ళిందా అంటే, కుళ్ళింది. ప్రభుత్వం తలుచుకుంటే కుళ్ళనిదేముంది. మోకాటి లోతు నీళ్ళలో అంత చెత్త ఒక్కసారిగా పడి, ఎగువమడ మొత్తం కాటుకలా నల్లబడింది. ఆ వాసన చెప్పనలవి కాదు. ఆఫీసులో అన్నం క్యారేజీ విప్పినవాడు లేడు. నీళ్ళలో ఉన్న గాలినంతా ఆ కుళ్ళే మింగేసింది. వేసవిని ఎలాగో ఓర్చుకుంటున్న జెల్లలు, పరిగెలు, గొరకలు ఊపిరాడక మూతులు పైకి పెట్టి గుటకలు వేశాయి. మర్నాటికి తెల్లగా తేలాయి.

"చేపలు పైకి వస్తున్నాయంటే స్పందన బాగుందన్నమాట," అన్నారు డైరెక్టరుగారు, గట్టు మీద రుమాలు అడ్డం పెట్టుకుని.

"అవి చచ్చిపోతున్నాయి సార్," అంది మందాకిని. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కుళ్ళు వాసనకు అనుకున్నాం.

అప్పుడు వచ్చింది నాంచారమ్మ. ముంగర నాంచారమ్మ అంటే సరస్సు మధ్యనున్న జెల్లలంక ఊళ్ళో మత్స్యకారుల సొసైటీకి అధ్యక్షురాలు. మొగుడు పోయాక దోనె తనే నడిపి, ఇద్దరు కొడుకుల్ని పెంచి, ఊళ్ళో మగాళ్ళందరూ కలిసి ఎన్నుకోగా అధ్యక్షురాలైన మనిషి. చేతిలో చచ్చిన జెల్లల గంప ఉంది. దాన్ని తిన్నగా తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఏం చేస్తన్నారండీ మీరు? ఎగువమడ మొత్తం పాడు చేసేశారు కదండీ!"

ఆక్షేపణ సంగతి, మార్చి ఎండింగు సంగతి చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"అంటే ఆకులో ఉన్న బలం ఇప్పుడే ఖర్చయిపోవాలంటారు. మరి తొలకరికి పిల్ల పుట్టాక అదేం తింటదండీ?"

"అది వచ్చే సంవత్సరం పద్దమ్మా."

"పద్దు కాదండీ, పిల్ల," అంది నాంచారమ్మ. తర్వాత గొంతు తగ్గించింది. "దిగువమడ జోలికి మాత్రం రాకండి సూపర్నెంటు బాబూ. మీకు దండం పెడతాను. అక్కడి జమ్మన్నా తొలకరి దాకా నిలబడితే, ఈ ఏటికి ఎలాగో గట్టెక్కుతాం. అదీ పోయిందంటే మా లంకంతా తట్టాబుట్టా సర్దుకుని రొయ్యల షెడ్లకి తలకాయలు వలిచే కూలికి పోవాల్సిందే. ఎల్లినోళ్ళు తిరిగి రారండీ. పక్క లంక వాళ్ళు ఎల్లారు, ఒక్క ఇల్లు తలుపు తియ్యలేదు ఇప్పటిదాకా."

నాకు బాధ కలిగింది. కానీ ఆ మర్నాడే ఫైరింజన్లు దిగువమడ అడ్డుగట్టు మీదికి వెళ్ళాలని ఉత్తర్వు ఉంది. దాన్ని రాసింది కూడా నేనే.

ఈలోగా మా ఆఫీసులో ఇంకో చిక్కు వచ్చిపడింది. ఖర్చు చేస్తే చాలదు, వినియోగ ధ్రువపత్రం కావాలి. పోషకాలు లబ్ధిదారుకు ముట్టినట్టు లబ్ధిదారే సంతకం చెయ్యాలి. మా పథకంలో లబ్ధిదారు చేప. దీనిమీద గంటలకొద్దీ చర్చ జరిగింది. చేపకు వేలిముద్ర లేదు. మొప్పముద్ర తీసుకోవచ్చా అని ఒకరన్నారు. మైనరు తరఫున సంరక్షకుడు సంతకం చేసినట్టు, చేపల తరఫున ఎవరినైనా ప్రతినిధిగా ప్రకటిస్తే సరిపోతుందని చివరికి తేలింది. చేపలతో దీర్ఘకాల సంబంధాలున్న వ్యక్తి ఎవరా అని వెతికితే నాంచారమ్మ తేలింది. తన సంబంధం వాటిని పట్టి అమ్మడమే అయినా, అది రూలుకు అడ్డం కాలేదు.

ఆమెను పిలిపించాం. డైరెక్టరుగారు కుర్చీ వేయించారు. "నాంచారమ్మగారూ, ఈనాటి నుంచి మార్చి ముప్పై ఒకటి వరకు మీరు తుంగలమడ సమస్త మత్స్యజాతికి అధికార ప్రతినిధి. అభినందనలు. ఇక్కడ సంతకం చెయ్యండి."

"ఏవని రాసుందండీ?"

"తుంగలమడ యావత్తు జమ్ము సంపూర్ణంగా కుళ్ళినదనీ, అందలి పోషకాలు మాకు ముట్టినవనీ, మేము సంతృప్తి చెందినామనీ."

"నా కళ్ళముందే ఊపిరాడక చచ్చినాయండీ. సంతృప్తి చెందినాయని ఎలా పెట్టమంటారు సంతకం?"

"పెట్టకపోతే మీ చేపల వేట లీజు పునరుద్ధరణ ఫైల్లో, సొసైటీ సహకరించలేదని రాయవలసి వస్తుంది," అన్నారు డైరెక్టరుగారు, ఎంతో విచారంగా. ఆయన బెదిరించేటప్పుడు ఎప్పుడూ విచారంగానే ఉంటారు.

నాంచారమ్మ కాగితం పట్టుకుని నా వైపు తిరిగింది. "సూపర్నెంటు బాబూ, నాకు తెలవక అడుగుతున్నాను. ఇందులో యావత్తు అన్నారు. దిగువమడ కూడా అందులోకే వస్తదా?"

"వస్తుంది."

"దిగువమడలో ఇంకా ఒక్క పుల్ల కూడా కుళ్ళలేదండి. అయినా నేను సంతకం పెడితే కుళ్ళిపోయినట్టేనా?"

"పెట్టిన క్షణం నుంచి కుళ్ళినట్టే."

"కుళ్ళిపోయినదాన్ని మళ్ళీ కుళ్ళబెడతారా?"

"అలా చెయ్యకూడదమ్మా. ఒకే పనికి రెండుసార్లు ఖర్చు చూపినట్టవుతుంది. ఆడిట్ ఒప్పుకోదు."

ఆమె కాగితం బల్ల మీద పరిచింది. పెన్ను తీసుకుంది. చేపల తరఫున, ముంగర నాంచారమ్మ అని గుండ్రటి అక్షరాలతో రాసింది. అడ్డుగట్టు మీదికి వెళ్తున్న ఫైరింజన్లను అరగంటలో వెనక్కి పిలిపించాం. దిగువమడ జమ్ము, మా లెక్క ప్రకారం సంపూర్ణంగా కుళ్ళిపోయి, గాలికి గలగలలాడుతూ నిలబడి ఉంది.

ముగింపు నిల్వ సున్నా. ఆక్షేపణ ఎత్తేస్తున్నట్టు ఆచార్యులుగారు స్వయంగా వచ్చి చెప్పారు. ఆ రోజు కాఫీ రశీదు లేకుండానే తాగారు.

తొలకరి పడింది. ఎగువమడలో కొత్తనీటికి పాత కుళ్ళు లేచి పచ్చటి తెట్టు కట్టింది తప్ప, ఒక్క ప్రాణి కూడా కనిపించలేదు. దిగువమడలో మాత్రం జమ్ము మెల్లగా నానింది, వంగింది, ఎప్పటిలాగే ఎవరినీ అడక్కుండా కుళ్ళింది. ఆషాఢం దాటేసరికి నీళ్ళు చేపపిల్లతో మసిలిపోతున్నాయి. జెల్లలంక దోనెలు నిండుగా తిరిగాయి. దసరాకు లంకలో ఇళ్ళన్నిటికీ సున్నం వేసుకున్నారని విన్నాను. నేను చాలాకాలం తర్వాత ఆఫీసు కిటికీ తెరిచి, అటు చూస్తూ కాసేపు నిలబడ్డాను. సంతోషం వేసింది. దోమలు కుట్టాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మా డైరెక్టరుగారు ఆలోచించడం మొదలుపెట్టారు.

"మార్చి ముప్పై ఒకటికి సరస్సులో ఎండు జమ్ము లేదు. ధ్రువపత్రం ఉంది," అన్నారు సమావేశంలో. "అయినా తొలకరి తర్వాత చేపలు పుష్కలంగా వచ్చాయి. దీన్నిబట్టి మనకేం తెలుస్తోంది?"

ఎవరికీ ఏమీ తెలియలేదు.

"చేపలకు జమ్ముతో అవసరం లేదని తెలుస్తోంది! ఇంతకాలం మనం అనవసరంగా ఒక గడ్డిని పెంచి, ఎండబెట్టి, కుళ్ళబెట్టి, లెక్కలు చెప్పుకుంటూ వస్తున్నాం. అసలు జమ్మే లేకపోతే నిల్వ ఉండదు. నిల్వ లేకపోతే ఆక్షేపణ ఉండదు. ఈ శీతాకాలం ఎండకముందే మొత్తం పెరికేద్దాం. జమ్మురహిత తుంగలమడ! చిత్తడి నేలల చరిత్రలోనే మొదటిసారి."

"సార్, చేపలు వచ్చింది దిగువమడలోనే. అక్కడ జమ్ము ఉంది. నేను చూశాను," అంది మందాకిని.

"మీరు చూడటం మీ వ్యక్తిగతం డాక్టరుగారూ. పత్రం ప్రకారం అక్కడ జమ్ము లేదు."

"పత్రం అబద్ధం సార్!"

"దానిమీద నా సంతకం, ఆడిట్ సంతకం, పైవారి సంతకం ఉన్నాయి," అన్నారు డైరెక్టరుగారు. "ఇంతమంది పెద్దవాళ్ళు కలిసి సంతకం చేశాక అది అబద్ధంగా ఉండటం సాధ్యం కాదు." జమ్ము అనవసరమని తన పరిశోధన ద్వారా తొలిసారి నిరూపించినందుకు ఆమెకు ఆ సాయంత్రమే ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆమె దాన్ని మడిచి ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని ఇంటికి వెళ్ళింది.

పని శేషుబాబు అనే కాంట్రాక్టరుకు దక్కింది. ఈ వార్త లంకకు చేరిన రోజు నాంచారమ్మ మళ్ళీ ఆఫీసుకు వచ్చింది. ఈసారి గంప లేదు. డైరెక్టరుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె అలా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

"అయ్యా, నేను అబద్ధం ఆడానండి. దొంగ సంతకం పెట్టాను. దిగువమడలో జమ్ము కుళ్ళలేదండి, ఉంది. దాని మూలంగానే చేపలొచ్చాయి. తప్పు నాది. నన్ను జైల్లో ఎయ్యండి, కానీ జమ్ము తియ్యొద్దండి. అది తీసేస్తే వచ్చే ఏటికి మా లంకలో పొయ్యి ఎలగదు."

డైరెక్టరుగారు కంగారుపడ్డారు. "అలా అనకూడదమ్మా! మీరు ఆడింది అబద్ధమైతే, దాన్ని నిజమని సంతకాలు చేసిన మేమందరం ఏమైపోవాలి?"

"అది నాకు తెలవదండి. నిజం చెబుతున్నాను."

"మీకు చెప్పే అధికారం లేదు. చేపల తరఫున మీ ప్రాతినిధ్యం మార్చితో ముగిసింది."

"చేపల తరఫున కాదండీ, నా తరఫున చెబుతున్నాను!"

"మీ తరఫున ఎలా చెబుతారు? ఈ పథకంలో మీరు లబ్ధిదారు కాదు కదా," అన్నారు డైరెక్టరుగారు.

ఆమె నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. ఒళ్ళు మండిపోయింది కూడా. కానీ కోపం చూపించాలన్నా మా దగ్గర సరైన మార్గం ద్వారా పంపించాలి. ఆమె మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కార్తీకం వెళ్ళాక మిషన్లు వచ్చాయి. రోడ్డుకు దగ్గరని శేషుబాబు దిగువమడ వైపునే దింపాడు. పర్యవేక్షణకు నన్నూ, కొలతలు తియ్యడానికి ఇంజనీరు మోహనాంశును పంపారు. మేం వెళ్ళేసరికి గట్టు మీద జెల్లలంక జనమంతా ఉన్నారు. జమ్ము ఇంకా సగం పచ్చగా, సగం పసుపుగా ఉంది. మిషను పళ్ళచక్రం నీళ్ళలోకి దిగి, ఒక చాలు కోసుకుంటూ వెళ్ళింది. వేళ్ళతో సహా లేచిన దుబ్బులు గట్టు మీద పడుతుంటే, ఒక ముసలామె వాటిని చేత్తో నిమిరింది.

నాంచారమ్మ మిషనుకు అడ్డం పడుతుందేమోనని భయపడ్డాను. ఆమె అలాంటిదేమీ చెయ్యలేదు. కాసేపు చూసి, నెమ్మదిగా నడిచి శేషుబాబు దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, ఏం కోస్తున్నారు?"

"జమ్మండి. కనిపించట్లేదా?" అన్నాడు శేషుబాబు.

"నాకు కనిపిస్తందయ్యా. ఆఫీసుకి కనిపించదంట. దిగువమడలో జమ్ము లేదని పోయిన మార్చిలోనే ముద్ర గుద్దేశారు. మొన్న నేనెళ్ళి ఉందని మొత్తుకున్నా కూడా లేదన్నారు. మరి లేనిదాన్ని కోసినందుకు నీకు బిల్లెవరిస్తారు నాయనా?"

శేషుబాబు నవ్వాడు. నవ్వుతూనే మోహనాంశు వైపు చూశాడు. మోహనాంశు నవ్వలేదు. అతని ముఖం తెల్లబోయింది.

"అది నిజమేనండి శేషుబాబుగారూ," అన్నాడు మెల్లగా. "ఇక్కడ జమ్ము సున్నా అని ధ్రువపత్రం ఉంది. మళ్ళీ మొలిచినట్టు ఏ కాగితమూ లేదు. ఇన్ని టన్నులు కోశామని నేను కొలత రాస్తే, ఆ టన్నులు ఎక్కడినుంచి వచ్చాయని ఆడిట్ నన్ను కోస్తుంది. కొలత నేను రాయను. నాకు ఆడపిల్లలున్నారు."

"అదేంటండీ! డీజిలు పోసి మిషన్లు దింపాను!" శేషుబాబు నా మీదికి వచ్చాడు. "సూపరింటెండెంటు గారూ, మీరు చెప్పండి. మీ ఎదురుగా కనిపిస్తోంది. ఇక్కడ జమ్ము ఉందా, లేదా?"

గట్టు మీద అందరూ నా వైపు చూశారు. ఎదురుగా జమ్ము గాలికి అలలు అలలుగా ఊగుతోంది. దాని నూగు ఎగిరొచ్చి నా చొక్కా మీద వాలుతోంది. నేను గొంతు సవరించుకుని, నా సర్వీసు మొత్తంలో నేర్చుకున్న గాంభీర్యాన్నంతా కూడగట్టుకున్నాను.

"రికార్డు ప్రకారం, తుంగలమడ దిగువభాగమందు జమ్ము లేదు," అన్నాను.

శేషుబాబు నన్ను తిట్టాడు. మా ఆఫీసునూ, దాన్ని కట్టిన మేస్త్రినీ తిట్టాడు. తర్వాత చెయ్యి ఊపాడు. మిషను ఆగింది. వాళ్ళు దాన్ని నీళ్ళలోంచి లాగి, లారీకి ఎక్కించుకుని వెళ్ళిపోయారు. లంక జనం కేకలు వేస్తారనుకున్నాను. ఎవరూ వెయ్యలేదు. ఆడవాళ్ళు కొందరు వంగి, గట్టు మీద పడిన దుబ్బుల్ని తిరిగి బురదలో నాటడం మొదలుపెట్టారు.

నాంచారమ్మ గట్టు మీద కూలబడి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను పక్కన కూర్చున్నాను. గండం గడిచింది కదమ్మా, ఇంకా ఎందుకు ఏడుపు అని అడిగాను.

"ఆఫీసులో నిజం చెప్పాను బాబూ, ఒక్కరు కూడా వినలేదు. ఇక్కడ మళ్ళీ ఆ అబద్ధమే చెప్పాను, మిషను ఆగింది. ఇంటికెళ్తే మనవలు అడుగుతారు, ఎలా ఆపావే నాన్నమ్మా అని. ఏది నేర్పమంటారండీ నన్ను వాళ్ళకి?"